స్పీకరు ఎలా పలుకుతుందో మాటల్లో చెప్పడం: వినడం నుంచి రాయడం వరకు

"ఈ స్పీకరు ఎలా ఉంది?" అని అడిగితే మనలో ఎక్కువ మంది "బేస్ అదిరింది", "క్లియర్‌గా ఉంది", "పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది" అంటాం. కొనాలనుకునే మనిషికి ఈ మాటల వల్ల ఏమీ తెలియదు. ఏ పాటలో? ఏ వాయిద్యం? ఎంత శబ్దంలో? ఎలాంటి గదిలో?

మీ వాక్యం చదివిన మనిషి అదే రికార్డింగును అదే చోట విని "అవును, ఉంది" అనో "నాకు వినిపించలేదు" అనో తేల్చుకోగలగాలి. స్పీకరు గురించి రాసే మాటకు నేను పెట్టుకున్న కొలత ఇదే. అలా తేల్చుకోవడానికి వీల్లేని మాట ఎంత సొగసుగా ఉన్నా కొట్టేయండి.

కింది మెట్లను వరుసగా పాటించండి. ముఖ్యంగా మొదటి రెండింటిని దాటేయవద్దు. రాతలో కనిపించే తప్పుల్లో సగానికి సగం అక్కడే పుడతాయి.

## 1. ముందు గదిని వినండి

మన ఇళ్లలో గ్రానైటో టైల్సో పరిచిన నేల, నున్నటి గోడలు మామూలే. గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంట "టింగ్"మని సన్నటి ప్రతిధ్వని సాగుతుంటే, తర్వాత స్పీకరులో వినబోయే కీచుదనంలో కొంత వాటా గదిదే. నేల మీద జంపఖానా పరిచి, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేసి, మళ్లీ కొట్టి చూడండి.

బేస్ విషయంలో గది పెత్తనం ఇంకా ఎక్కువ. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యాలు (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత, హెర్ట్జ్‌లలో) పొంగుతాయి, అంటే మిగతావాటికంటే గట్టిగా వినిపిస్తాయి. లెక్క సులువే. శబ్ద వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 12 అడుగుల గదిలో మొదటి పొంగు 47 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, 10 అడుగుల గదిలో 56 దగ్గర. ఒక స్వరం గుంయ్‌మని లేచి, దాని పక్క స్వరం పలుచబడిపోతే చాలాసార్లు అది గది చేసే పనే. కుర్చీని రెండడుగులు జరిపి అదే భాగం మళ్లీ వినండి. లక్షణం మారిపోతే దాన్ని స్పీకరు ఖాతాలో రాయకూడదు.

సీలింగ్ ఫ్యాను సంగతి చాలామందికి తట్టదు. తిరిగే రెక్కలకు తగిలి వచ్చే శబ్దం వల్ల నిలకడగా సాగే స్వరం సన్నగా వణుకుతుంది. వినే కాసేపైనా ఫ్యాను ఆపేయండి.

అమరిక సరిచూసుకోవడానికి:

- రెండు స్పీకర్లకూ మీ తలకూ మధ్య మూడు దూరాలూ దాదాపు సమానంగా ఉన్నాయా?
- కూర్చున్నప్పుడు ట్వీటరు (సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) మీ చెవి ఎత్తులో ఉందా?
- వెనక గోడ ఎంత దూరంలో ఉందో రాసుకున్నారా? గోడకు ఆనిస్తే బేస్ పెరుగుతుంది, మూలలో పెడితే మరింత పెరుగుతుంది.
- వైర్లు ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకే తగిలించారా? ఒక్క స్పీకరుకు తారుమారైనా గాయకుడి గొంతు మధ్యలో నిలవదు, బేస్ సన్నబడుతుంది.
- బేస్ బూస్ట్, ఈక్వలైజర్ (ఒక్కో పౌనఃపున్యాన్ని విడిగా పెంచే, తగ్గించే అమరిక), సరౌండ్ లాంటివన్నీ ఫోనులోనూ స్పీకరులోనూ ఆపేశారా?

ఒకే పెట్టెగా వచ్చే బ్లూటూత్ స్పీకరైతే అది దేని మీద కూర్చుందో తప్పకుండా రాయండి. చెక్క బల్ల మీద ఒకలా, రాతి అరుగు మీద ఒకలా పలుకుతుంది.

## 2. శబ్ద స్థాయిని సమానం చేయండి

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు కాస్త గట్టిగా మోగేదే మెరుగ్గా తోస్తుంది. 1 డెసిబెల్ (శబ్ద తీవ్రతకు కొలత) తేడాను చెవి "శబ్దం ఎక్కువ" అని గుర్తించకపోవచ్చు. "స్పష్టత ఎక్కువ", "ప్రాణం ఉంది" అని గుర్తిస్తుంది. వాల్యూమ్ సమానం చేయకుండా రాసిన పోలికను నేను లెక్కలోకి తీసుకోను.

చేయవలసింది ఇది. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకోండి. పింక్ నాయిస్ (అన్ని పౌనఃపున్యాలూ కలిసి హోరులా వినిపించే పరీక్ష శబ్దం) ఫైలు ఒకటి వినిపించండి. మీ తల ఉండే చోట ఫోను ఉంచి, రెండు స్పీకర్లూ ఒకే అంకె చూపేదాకా, ఉదాహరణకు 70 డెసిబెల్స్ వచ్చేదాకా, వాల్యూమ్ సరిచేయండి. ఫోను చూపే అంకె కచ్చితమైనది కాకపోవచ్చు. కానీ ఒకే ఫోను, ఒకే చోటు అయితే పోలికకు సరిపోతుంది.

తక్కువ శబ్దంలో మన చెవికి కింది పౌనఃపున్యాలు సరిగా అందవు. అర్ధరాత్రి మెల్లగా పెట్టుకుని విని "బేస్ లేదు" అని రాయడం స్పీకరుకు అన్యాయం. అందుకని ప్రతి రికార్డింగునూ రెండు స్థాయిల్లో వినండి: పక్కనున్నవారితో మామూలుగా మాట్లాడుకోగలిగినంత, ఆపైన గది నిండినంత. చిన్న బ్లూటూత్ స్పీకర్లలో చాలావరకు వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్‌ను వాటంతట అవే తగ్గించుకుంటాయి. సగం వాల్యూమ్‌లో రాసిన మాట ముప్పావు వాల్యూమ్‌లో తప్పవుతుంది.

మధ్యమధ్యలో చెవులకు విరామం ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే హద్దు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. అలసిన చెవికి ఏ స్పీకరైనా కీచుగానే ఉంటుంది.

## 3. వినిపించవలసినవి ఎంచుకోండి

కొత్త పాటలు వద్దు. మీకు కంఠతా వచ్చినవి, హెడ్‌ఫోన్లలోనూ వేరే స్పీకర్లలోనూ ఎన్నోసార్లు విన్నవి తీసుకోండి. ఐదు రకాలు చాలు:

- మాట: ఇంట్లోవారి గొంతు ఫోనులో రికార్డు చేసింది. ఆ గొంతు ఎలా ఉండాలో మీకంటే బాగా ఇంకెవరికీ తెలియదు.
- తంబూరా శ్రుతి ఒక్కటే, కనీసం ఒక నిమిషం.
- మృదంగం తని ఆవర్తనం (కచేరీలో లయవాద్యాలు మాత్రమే మోగే భాగం).
- గజ్జెలు, తాళాలు బాగా వినిపించే కూచిపూడి రికార్డింగు.
- కోరస్, వయొలిన్లు, డ్రమ్ములు ఒకేసారి కమ్ముకునే సినిమా పాట.

రెండు స్పీకర్లకూ ఒకే ఫైలు వాడండి. 1940లు, 50ల నాటి రికార్డింగులు ఎంత ప్రియమైనవైనా పై స్థాయిని (ట్రెబుల్‌ను) పరీక్షించడానికి పనికిరావు. అక్కడ లేని మెరుపును స్పీకరు తెచ్చి ఇవ్వలేదు.

## 4. ఈ వరుసలో వినండి

అందరూ బేస్‌తో మొదలుపెడతారు. మీరు గొంతుతో మొదలుపెట్టండి. పుట్టినప్పటి నుంచి మన చెవి ఎక్కువగా విన్నది మనిషి గొంతునే. అక్కడ చిన్న తేడా వచ్చినా వెంటనే పట్టేస్తుంది.

### 4.1 గొంతు

మాట్లాడేటప్పుడు మగగొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య, ఆడగొంతుది 165 నుంచి 255 మధ్య ఉంటుంది. మాట స్పష్టత మాత్రం అంతకు చాలా పైన, 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో తేలుతుంది. గొంతు విషయంలో వాడదగిన మాటలు, అవి సూచించే చోట్లు ఉజ్జాయింపుగా ఇవి:

- ఛాతీ బరువు ఎక్కువైంది: 100–250 హెర్ట్జ్ పొంగింది. వార్తలు చదివే మగగొంతు ఉన్నదానికంటే లావుగా వినిపిస్తుంది.
- డబ్బాలో పలికినట్టుంది: 300–600 హెర్ట్జ్ పొంగింది.
- ముక్కుతో పలికినట్టుంది: 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పొంగింది.
- గొంతు వెనక్కి తగ్గింది: 1–3 కిలోహెర్ట్జ్ దిగింది. పదాలు వినిపిస్తాయి, కానీ గాయకుడు వాయిద్యాల వెనక నిలబడినట్టుంటుంది.
- గొంతు మీదికి వస్తోంది: 2–4 కిలోహెర్ట్జ్ పొంగింది. మొదటి పాటకు ఉత్సాహంగా, నాలుగో పాటకు విసుగ్గా ఉంటుంది.

ఇక మన భాషలోనే చేతికందే పరీక్ష ఒకటి ఉంది. "శనివారం సాయంత్రం శేషు సీసాలో చెరకు రసం పోశాడు" అని ఎవరిచేతనైనా పలికించి రికార్డు చేయండి. "స" బలం ఎక్కువగా 5 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది. "శ", "ష"ల బలం దానికి కాస్త దిగువన మొదలవుతుంది. మంచి స్పీకరులో సాయంత్రం "సా", శనివారం "శ" దేనికది విడిగా తెలుస్తాయి. 3 కిలోహెర్ట్జ్ దగ్గర పొంగు ఉంటే "స" కూడా "శ" వైపు ఒరుగుతుంది. 6, 7 దగ్గర పొంగితే సీసా, రసం రెండూ ఈల వేస్తాయి. ఈ వాక్యం విని రాసిన ఒక్క ముక్క "ట్రెబుల్ కొంచెం ఎక్కువ" అన్న మాట కంటే ఎంతో పనికొస్తుంది.

### 4.2 కింది స్థాయి

బేస్ గురించి మూడు వేర్వేరు ప్రశ్నలు వేసుకోండి. ఎంత లోతుకు దిగుతోంది? ఎంత మోతాదులో ఉంది? ఎంత త్వరగా ఆగుతోంది? "బేస్ బాగుంది" అన్నప్పుడు ఈ మూడూ కలగలిసిపోతాయి.

లోతుకు తంబూరా వినండి. ఒకటో శ్రుతిలో మీటే తంబూరాకు సారణి (మధ్య షడ్జం పలికే తంత్రి) సుమారు 131 హెర్ట్జ్, మంద్రం తంత్రి (దానికి ఒక స్థాయి కింది షడ్జం) సుమారు 65. అరచేతిలో ఇమిడే స్పీకరు ఆ 65ను సాధారణంగా పలికించలేదు. అయినా మంద్ర షడ్జం మీకు వినిపిస్తుంది. మూలస్వరంతో పాటు దానికి పైన మోగే ఉపస్వరాలను బట్టి మెదడు లేని మూలస్వరాన్ని తానే పూరించుకుంటుంది. కాబట్టి "స్వరం తెలుస్తోంది" అనేది ఒక మాట, "బరువు తెలుస్తోంది" అనేది వేరొక మాట. చిన్న స్పీకరు విషయంలో మొదటిది రాసి రెండోదాన్ని ఊహించేయవద్దు.

ఆగడానికి మృదంగం వినండి. ఎడమ వైపు తొప్పి మీద రవ్వ ముద్ద పెట్టి, అరచేతితో ఒత్తి జార్చినప్పుడు మ్రోత కిందినుంచి పైకి జారుతుంది. ఆ జారుడు మీకు అడుగడుగునా తెలుస్తోందా? లేక ప్రతి దెబ్బా ఒకే ఎత్తులో "దబ్", "దబ్"మని పడుతోందా? రెండోది జరిగితే స్పీకరో గదో ఒక్క స్వరాన్నే పొంగిస్తోందన్నమాట. తర్వాత వేగం హెచ్చిన చోట వినండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం మిగులుతోందా? మిగిలితే "బేస్ బిగువుగా ఉంది" అని రాయండి. ఒకదాని తోక మరొకదాని మీద పడుతుంటే "బేస్ వదులుగా ఉంది, తొప్పి దెబ్బలు కలిసిపోతున్నాయి" అని రాయండి.

స్పీకరు పెట్టెకు ఉండే బేస్ రంధ్రం నుంచి గాలి ఊదినట్టు "ఫుస్"మనే చప్పుడు గానీ, దగ్గర్లోని అద్దాల బీరువా గలగలలు గానీ వస్తే వాటిని విడిగా రాయాలి. బీరువా తలుపు చేత్తో నొక్కి పట్టుకుంటే ఆగిపోయేది స్పీకరు లోపం కాదు.

### 4.3 పై స్థాయి

గజ్జెల రికార్డింగు పెట్టండి. ఒక్కో మువ్వ విడిగా రాలుతున్నట్టు వినిపిస్తే పై స్థాయి శుభ్రంగా ఉంది. అన్నీ కలిసి ఇసుక జల్లినట్టుంటే "గరుకుగా ఉంది" అనండి. మువ్వలు దూరమై మెరుపు పోతే "మసకగా ఉంది". చెవిలో గుచ్చుకుంటే "కీచుగా ఉంది". తాళం మోగి ఆగాక దాని తోక ఎంతసేపు వినబడుతుందో కూడా చూడండి. 10 కిలోహెర్ట్జ్ పైన స్పీకరు బలహీనమైతే ఆ తోక ముందే తెగిపోతుంది.

వయసు పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు వినే శక్తి తగ్గుతుంది. 60 ఏళ్ల మనిషి, 20 ఏళ్ల మనిషి ఈ భాగంలో ఒప్పుకోకపోతే ఇద్దరిలో ఒకరు తప్పని అర్థం కాదు.

### 4.4 హెచ్చుతగ్గులు

పాట నెమ్మదిగా ఉండి ఒక్కసారి ఉప్పొంగే చోటు వెతకండి. మెల్లగా ఉన్నప్పుడు చిన్న వివరాలు నిలుస్తున్నాయా? పొంగినప్పుడు శబ్దం నిజంగా పెరుగుతోందా, లేక అన్నీ ఒకదాన్నొకటి తోసుకుని నలిగిపోతున్నాయా? "గది నిండిన స్థాయిలో కోరస్ రాగానే నలుగుతోంది" అన్నది మంచి వాక్యం. "పవర్ తక్కువ" అన్నది కాదు.

### 4.5 చోటు

జత స్పీకర్లకే ఇది వర్తిస్తుంది. కళ్లు మూసుకుని గొంతు ఎక్కడ నిలిచిందో వేలితో చూపండి. సరిగ్గా మధ్యలోనా, ఒక పక్కకు ఒరిగిందా, ఎక్కడుందో తెలియకుండా పరుచుకుందా? వాయిద్యాలు స్పీకర్ల వెలుపలికి విస్తరిస్తున్నాయా? కొన్నయినా వెనకగా వినిపిస్తున్నాయా? మూడు వాక్యాలు చాలు. ఈ భాగం మీద పేజీలు రాసేవారు ఉన్నారు. గొంతు సరిగా పలకని స్పీకరుకు అంత వర్ణన అనవసరం.

## 5. వాక్యం కట్టండి

ప్రతి వాక్యంలో నాలుగు ఉండాలి: ఏ రికార్డింగులో, ఏ శబ్దంలో, ఏ లక్షణం, ఎంత మోతాదు. మోతాదుకు మూడే మాటలు పెట్టుకుని వాటినే అంతటా వాడండి:

- కొద్దిగా: వెతికితేనే తెలుస్తుంది.
- స్పష్టంగా: వెతక్కుండానే తెలుస్తుంది.
- ఇబ్బందిగా: పాట ఆపేయాలనిపిస్తుంది.

ఇప్పుడు కొన్ని వాక్యాలను సరిచేద్దాం.

ముందు: "బేస్ అదిరింది."
తర్వాత: "మృదంగంలో తొప్పి దెబ్బకు బరువు ఉంది, కానీ వేగంగా వాయించిన చోట దెబ్బలు స్పష్టంగా కలిసిపోతున్నాయి. స్పీకరును గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపాక కొద్దిగా తగ్గింది."

ముందు: "వాయిస్ క్లియర్."
తర్వాత: "మాట్లాడుకునే స్థాయిలో మగగొంతులో ప్రతి అక్షరం తెలుస్తోంది. ఆడగొంతు పై స్థాయికి వెళ్లినప్పుడు కొద్దిగా ముక్కుతో పలికినట్టుంది."

ముందు: "సౌండ్ వార్మ్‌గా ఉంది."
తర్వాత: "గజ్జెల మెరుపు స్పష్టంగా తగ్గింది. గొంతు బరువులో మార్పు లేదు."

మూడోదాన్ని గమనించండి. ఛాతీ బరువు కాస్త పెరిగినా "వార్మ్" అంటారు, పై స్థాయి తగ్గినా "వార్మ్" అంటారు. రెండూ వేర్వేరు లోపాలు, వేర్వేరు సుఖాలు. ఆ మాట వాడాలనిపిస్తే ఏ అర్థంలో వాడుతున్నారో పక్కనే రాయండి.

మీ ఇష్టాయిష్టాలు రాయవద్దని కాదు. విన్నది ముందు, నచ్చిందా లేదా అన్నది తర్వాత, విడి వాక్యంలో రాయండి. మసక పై స్థాయి మీకు నచ్చకపోవచ్చు, రాత్రిళ్లు పాత పాటలు వినేవారికి అదే కావాలి.

## 6. విన్నది నిజమేనా? పరీక్షించండి

ఈక్వలైజర్‌తో. "3 కిలోహెర్ట్జ్ దగ్గర కీచుగా ఉంది" అని రాసుకున్నారనుకోండి. ఈక్వలైజర్‌లో అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించి అదే భాగం వినండి. కీచుదనం తగ్గితే మీ మాట సరైన చోటే పడింది. తగ్గకపోతే దాన్ని మామూలు స్థితికి తెచ్చి 6 దగ్గర తగ్గించి చూడండి. రాసే అలవాటు కొత్తగా మొదలుపెట్టినవారికి ఇంతకు మించిన శిక్షణ లేదు. ఏ మాట ఏ పౌనఃపున్యానికి సరిపోతుందో చెవికి ఇలాగే పట్టుబడుతుంది.

చూడకుండా. స్పీకర్ల ముందు పలుచని గుడ్డ అడ్డంగా కట్టి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకరిచేత మార్పించండి. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన పరిశోధనలో, స్పీకరు కళ్లకు కనిపించినప్పుడు వినేవారు ఇచ్చే మార్కులు మారిపోతాయని తేలింది. అనుభవం ఉన్నవారు కూడా దీనికి మినహాయింపు కాదు. ధర, పరిమాణం, పేరు చెవిలోకి దూరిపోతాయి.

మరుసటి రోజు. మొదటి రోజు రాసింది చూడకుండా మళ్లీ విని రాయండి. రెండింటిలోనూ ఉన్నవే ఉంచండి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పెట్టె మీది అంకెలను ధ్వనిగా రాయడం. "1000 వాట్స్ పీఎంపీఓ" (క్షణకాలపు గరిష్ఠ శక్తి అంటూ అమ్మేవారు వేసే అంకె) అన్నది వినికిడి గురించి ఏమీ చెప్పదు. "50 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్" అన్నదీ అంతే. ఆ మధ్యలో ఎన్ని డెసిబెల్స్ ఎగుడుదిగుడు ఉందో చెబితేనే ఆ అంకెకు విలువ. సవరణ: అంకెలను విడిగా ఒక వరుసలో రాసి, వర్ణనలో కలపకండి.

రికార్డింగు తప్పును స్పీకరుకు అంటగట్టడం. ఒక పాటలోనే "స" ఈల వేస్తే అది పాట తప్పు కావచ్చు. సవరణ: కనీసం మూడు రికార్డింగుల్లో వినిపించాకే స్పీకరు లక్షణంగా రాయండి.

ఒకే అర్థానికి పది మాటలు. తియ్యదనం, మాధుర్యం, కమ్మదనం అని వరుసపెట్టి రాస్తే చదివేవారు మూడు లక్షణాలు ఉన్నాయనుకుంటారు. సవరణ: ఒక లక్షణానికి ఒకే మాట, చివరిదాకా.

పోలిక లేకుండా "ఎక్కువ", "తక్కువ". దేనికంటే? సవరణ: మీకు బాగా అలవాటైన ఒక స్పీకరునో హెడ్‌ఫోన్‌నో కొలబద్దగా పెట్టుకుని, దాని పేరు మొదట్లోనే చెప్పండి.

మొదటి పది నిమిషాల ఉత్సాహం. పై స్థాయి పొంగిన స్పీకరు మొదట్లో వివరంగా తోస్తుంది. సవరణ: ఒక గంట తీరిగ్గా పాటలు పెట్టుకుని వినండి, చివర్లో వాల్యూమ్ తగ్గించాలనిపించిందా లేదా రాయండి. ఆ ఒక్క వాక్యం కోసమే నేను చాలా సమీక్షలు చదువుతాను.

## 8. పూర్తయిన నమూనా

ఈ మెట్లన్నీ ఎక్కాక ఒక జత చిన్న స్పీకర్ల గురించి రాసేది ఇలా ఉండవచ్చు:

"12 అడుగుల గది, టైల్స్ నేల మీద జంపఖానా. వెనక గోడకు రెండడుగుల దూరం. ఈక్వలైజర్ లేదు. గొంతు సరిగ్గా మధ్యలో నిలిచింది. మగగొంతులో బరువు సహజంగా ఉంది. 'స' అక్షరం గది నిండిన స్థాయిలో మాత్రం కొద్దిగా ఈల వేస్తోంది, మాట్లాడుకునే స్థాయిలో లేదు. తంబూరాలో మంద్ర షడ్జం స్వరం తెలుస్తోంది, బరువు లేదు. తొప్పి దెబ్బలు బిగువుగా ఉన్నాయి, జారుడు స్పష్టంగా తెలుస్తోంది. గజ్జెలు విడివిడిగా ఉన్నాయి. కోరస్ వచ్చిన చోట స్పష్టంగా నలిగింది. గంట విన్నాక చెవులు అలసిపోలేదు. కర్ణాటక సంగీతం ఎక్కువగా వినే నాకు నచ్చింది. డ్యాన్స్ పాటలకు దీన్ని ఎంచుకోను."

ఇతరులకు పంపే ముందు ఒకసారి చూసుకోండి:

- గది, అమరిక, శబ్ద స్థాయి మొదట్లోనే ఉన్నాయా?
- ప్రతి లక్షణానికీ ఒక రికార్డింగు ఆధారం ఉందా?
- మోతాదు మాటలు మూడు దాటలేదు కదా?
- కుర్చీ జరిపినప్పుడు మాయమైన లక్షణాలను తీసేశారా?
- చూడకుండా విన్నప్పుడు నిలవని మాటలను కొట్టేశారా?
- నచ్చడం, నచ్చకపోవడం విడి వాక్యంలో ఉందా?
- ఈ స్పీకరు ఎవరికి సరిపడదో ఒక్క మాటైనా రాశారా?